బండి ఆగినపుడు ఇంజను నిలువకున్నచో

విజయవాడ బెంజి సర్కిలులో ఎఱ్ఱదీపము వెలిగినది. ముందు ఆటోలు, ప్రక్కన ఇసుకలారీ, వెనుక సిటీ బస్సు. మీరు క్లచ్చి పట్టి, ఎడమకాలు నేలకానించి, యాక్సిలరేటరును వదలిన మఱుక్షణముననే, అంతవఱకు మీ చేతిసైగ నెఱిగి పరుగెత్తిన బండి రెండుమాఱులు దగ్గి ఊరకున్నది. పచ్చదీపము వచ్చునప్పటికి మీరు కిక్కు కొట్టుచునే యున్నారు. వెనుక బస్సు హారను మ్రోగుచునే యున్నది. ఇట్టి యిబ్బంది మీకెన్నిసారులు కలిగినది? కలిగినపుడెల్ల మీరు చేసిన పని యేమి?

నేనూహింపగలను. మఱునాటినుండి సిగ్నలు వద్ద కుడిచేతితో యాక్సిలరేటరును కొంచెము త్రిప్పి పట్టుకొని నిలుచుట యలవాటు చేసికొంటిరి. చూచుటకిది సులభమైన యుపాయమే. కాని ముందుచక్రపు బ్రేకు పిడియు ఆ కుడిచేతి వ్రేళ్లక్రిందనే యున్నదని యెన్నడైన ఆలోచించితిరా? వంతెన యేటవాలుపై వాహనముల వరుస నిలిచిపోయినపుడు, ఒకే చేయి ఇంజనును బ్రతికించుటకును బండిని ఆపుటకును పూనుకొనవలసి వచ్చినచో, ఆ రెండు పనులలో ఏదో యొకటి తప్పుట సహజము. కావున ఆగినచోట ఇంజను నిలువకపోవుటను పెట్రోలు ఖర్చుకు మాత్రమే సంబంధించిన లోపముగా నెంచకుడు. అది మీ క్షేమమునకు సంబంధించినది. ఈ యధ్యాయమునకు నేనింత విస్తృతి నిచ్చుటకు కారణమదియే.

రెండవ యుపాయము మఱింత ప్రచారములో నున్నది. వీథి చివరి మెకానిక్కు వద్ద బండి నిలిపి, సీటు దిగకుండగనే, “అన్నా, కొంచెం స్లో పెంచు” అందురు. అతడు స్క్రూడ్రైవరుతో అరచుట్టు త్రిప్పును. ఇంజను గుఱ్ఱుమని లేచి నిలుచును. మీరు సంతోషముతో వెడలిపోవుదురు. నేనును ఎనిమిది నెలలపాటు ఇట్లే చేసితిని. మా నాయనగారు కొన్నేండ్లు నడిపి నాకిచ్చిన 100 సీసీ బండి యది. నెలకొకమాఱు స్లో పెంచించుచుంటిని. కొన్నాళ్లకు మొదటి గేరు వేయగనే బండి ఠక్కుమని అదరుట, యాక్సిలరేటరు వదలినను వేగము తగ్గకుండుట, ఇల్లు చేరి ఆపినపుడు ఇంజనునుండి సెగ కొట్టుట మొదలైనవి. తుదకు నందిగామ దారిలో బండి మొరాయించినపుడు, ఒక వృద్ధ మెకానిక్కు నా కథ యంతయు శ్రద్ధగా విని, “స్క్రూ తిప్పితే రోగం దాక్కుంటది గానీ పోదు మాస్టారూ” అని, కార్బురేటరు విప్పి, అందులోనుండి సన్నని ఇత్తడి గొట్టము నొకదానిని తీసి యెండకెత్తి చూపెను. దాని నడుమ నుండవలసిన రంధ్రము కనబడలేదు. ఎనిమిది నెలలుగా నేను పోరాడినది ఆ కనబడని రంధ్రముతోనే.

ఆనాటినుండి నేను పాటించుచున్న నియమము, మీకును చెప్పదలచిన నియమము, ఒక్కటే: స్లో స్క్రూ చిట్టచివర త్రిప్పవలసినది, మొట్టమొదట త్రిప్పవలసినది కాదు. దానిని ముట్టుకొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని కలవు. వానిలో సగము మీ యింటిముంగిట, ఒక స్క్రూడ్రైవరు, ఒక స్పానరు, ఒక పాతగుడ్డ యున్నంతమాత్రమున మీరే చేయదగినవి. ఇంజనీరింగు చదువక్కఱలేదు; చెవియు, కన్నును, కొంచెము ఓర్పును చాలును.

ఇక్కడ నేను చెప్పునది కార్బురేటరు గల 100 మొదలు 150 సీసీ వఱకుగల నాలుగు స్ట్రోకుల బండ్లను గూర్చి. మన పల్లెలలో, పట్టణములలో ఇవి నేటికిని లక్షలకొలది తిరుగుచున్నవి. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నియమము వచ్చిన పిదప అమ్ముడుపోయిన బండ్లలో మిక్కిలి భాగమునకు కార్బురేటరు లేదు; వాని సంగతి చివర వేఱుగా చెప్పెదను.

మొదట ఒక హెచ్చరిక. ఈ పరీక్షలన్నియు ఆరుబయట చేయుడు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును నడిపినచో వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది మనిషిని హెచ్చరింపకయే పడగొట్టును. పెట్రోలు తీయునపుడు ఇంజను చల్లారియుండవలెను. దరిదాపున బీడీ గాని, దీపము గాని, పొయ్యి గాని యుండరాదు.

1. ముందుగా వినుడు; విన్నది వ్రాసికొనుడు.

ఆగి నడచుచున్న ఇంజను సామాన్యముగా నిమిషమునకు 1400 చుట్లు, అటునిటు ఒక 100 చుట్ల తేడాతో, తిరుగవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొక దహనము. అనగా సెకనునకు ఇంచుమించు పండ్రెండు. పరుగులో నున్నపుడు ఒక దహనము తప్పినను తక్కినవాని వేగము దానిని కప్పివేయును. ఈ మంద్రగతిలో మాత్రము ఒక్కటి తప్పినను లయ తప్పినట్లు చెవికి తగులును. ఇంజను తన యస్వస్థతను మొదట స్లోలోనే బయటపెట్టుటకు ఇదియే కారణము.

ఒక కాగితము తీసికొని ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు. బండి చల్లగా నున్నపుడు ఆగిపోవుచున్నదా, వేడెక్కిన పిదపనా? చోకు లాగినపుడు నిలుచుచున్నదా? స్లో తగ్గిపోవుచున్నదా, లేక యాక్సిలరేటరు వదలినను దిగిరాక పైననే నిలుచుచున్నదా? హ్యాండిలు త్రిప్పినపుడు శబ్దము మాఱుచున్నదా? ఈ బాధ యేనాడు మొదలైనది: వర్షములో తడిసిన పిదపనా, క్రొత్త బంకులో పెట్రోలు పోయించిన పిదపనా, సర్వీసింగు చేయించిన పిదపనా?

ఈ చివరి ప్రశ్నను తేలికగా తీసికొనకుడు. నిన్న సర్వీసింగు నుండి వచ్చిన బండి నేడు నిలువకున్నచో, పది సంవత్సరముల అరుగుదలను గూర్చి విచారించుట వృథా. నిన్న ఎవరి చేయి యెచ్చట పడినదో అచ్చటనే వెదకవలెను. ఎయిర్ ఫిల్టరు మూత సరిగా కూర్చుండకపోవుటయో, కార్బురేటరు వెనుకనున్న రబ్బరు గొట్టపు క్లిప్పు బిగింపకపోవుటయో, కేబులు ఎక్కువ బిగించుటయో బయటపడును.

మఱియొక సందర్భము చూడుడు. తెల్లవాఱుజామున పాలకేంద్రమునకు పోవు రైతు బండి పుష్యమాసపు చలిలో రెండు నిమిషములు సతాయించి, తరువాత దినమంతయు చక్కగా నడచుచున్నది. అతనికి మెకానిక్కు అక్కఱలేదు. చోకు వాడి, ఇంజను కొంచెము వేడెక్కిన వెంటనే దానిని మూసివేసినచో చాలును. దీనికి విరుద్ధముగా, మధ్యాహ్నపు టెండలో పది కిలోమీటర్లు నడచిన బండి కూడ చోకు లాగినగాని నిలువకున్నదా? అట్లయిన సగము నిర్ణయమైపోయినట్లే: పెట్రోలు తక్కువగనో, గాలి ఎక్కువగనో లోనికి పోవుచున్నది. ఆరవ, ఏడవ అంశములను మిక్కిలి శ్రద్ధగా చదువుడు.

2. పెట్రోలు చేరవలసిన చోటికి చేరుచున్నదా?

చెప్పుటకు చిన్నతనముగా నున్నను చెప్పకతప్పదు: ట్యాంకులో పెట్రోలున్నదా, కాకు తెఱచియున్నదా, రిజర్వులో పెట్టి చూచితిరా? ఇవి చూడక కార్బురేటరు విప్పినవారు పెక్కుమంది కలరు.

బండి పది నిమిషములు నడచి, నీరసించి ఆగి, కొంతసేపు విశ్రమించినపుడు మరల నడచుచున్నచో, ఈసారి ఆగిన వెంటనే ట్యాంకు మూత తెఱచి చూడుడు. గాలి బుస్సుమని లోనికి పోయి, తరువాత బండి నడచినచో, మూతలోని గాలిరంధ్రము దుమ్ముతో పూడినదన్నమాట. పెట్రోలు దిగినకొలది పైన గాలి చేరకున్నచో అది యెట్లు దిగును?

పెట్రోలు నిలువయుండుట మఱియొక కారణము. దసరాకు వచ్చి బండిని వసారాలో మూలపెట్టి దుబాయికో బెంగళూరికో పోయి, సంక్రాంతికి తిరిగివచ్చి కిక్కు కొట్టువారిని ప్రతి యూరిలోను చూడవచ్చును. ఆ మూడు నెలలలో కార్బురేటరు గిన్నెలోని కొంచెపు పెట్రోలు ఆవిరియై, అడుగున జిగురును మిగిల్చును. పైగా నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు కలిసియున్నది. ఇథనాలునకు నీటిని పీల్చుకొను గుణము కలదు. నీరు మితిమీరినపుడు ఆ రెండును కలిసి పెట్రోలునుండి విడివడి యడుగునకు దిగును. కార్బురేటరు గిన్నె క్రిందనున్న చిన్న డ్రెయిను స్క్రూను వదులుచేసి, కారిన పెట్రోలును గాజుసీసాలో పట్టి ఐదు నిమిషములు కదలింపక యుంచుడు. అడుగున వేఱొక పొర కనబడినదా? ట్యాంకును ఖాళీచేసి క్రొత్త పెట్రోలు పోయకుండ మఱి యే పనియు చేయకుడు.

3. గాలి స్వేచ్ఛగా లోనికి పోవుచున్నదా?

వరికోతల కాలమున గట్లవెంట, క్వారీలారీల వెనుక తిరుగు బండి ఎయిర్ ఫిల్టరు ఎంత త్వరగా మూసికొనిపోవునో పట్టణమువారికి తెలియదు. గాలి తగ్గినకొలది మిశ్రమములో పెట్రోలు పాలెక్కువై, సైలెన్సరునుండి నల్లని పొగ, ప్లగ్గుపై మసి, ఆగినపుడు ఉక్కిరిబిక్కిరి. ఫోము ఫిల్టరును కడిగి వాడవచ్చును. కాగితపు ఫిల్టరును కడుగరాదు, మార్చవలెను. ఫిల్టరు తీసివేసి నడిపి చూచెదమనుకొనువారున్నారు, వలదు. దాని విలువ స్వల్పము, అది లేనిచో అరిగిపోవు సిలిండరు విలువ అనల్పము.

4. ప్లగ్గు చెప్పు సాక్ష్యము.

మెకానిక్కుకంటె ముందుగా నిజము చెప్పునది ప్లగ్గు. ఇంజను చల్లారిన పిదప దానిని విప్పి, వెలుతురులో దాని ముక్కును చూడుడు. లేత కాఫీపొడి రంగు ఆరోగ్యమునకు చిహ్నము. పొడిగా నల్లని మసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువ, లేక గాలి తక్కువ. సున్నము కొట్టినట్లు తెల్లగా నున్నచో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. నల్లగా, జిడ్డుగా, తడిగా నున్నచో ఆయిలు పైకి వచ్చుచున్నది. అది రింగులకో వాల్వు సీళ్లకో సంబంధించిన వ్యవహారము, ఇంటిముంగిట తేలదు.

ముక్కుల నడుమ ఎడము బండినిబట్టి మాఱును గాని, ఈ తరగతి బండ్లకు సామాన్యముగా 0.6 మొదలు 0.9 మిల్లీమీటర్ల నడుమ నుండును. మీ బండి పుస్తకములోని సంఖ్యయే ప్రమాణము. ప్లగ్గు టోపీ లోపల తుప్పుపట్టియున్నదేమో, వైరు వదులుగా నున్నదేమో చూడుడు. బండి కడిగిన నాటినుండియే బాధ మొదలైనచో ఈ టోపీలో చేరిన తేమయే దోషి కావచ్చును.

బిగించునపుడు చేయు పొరపాటొకటి కలదు. సిలిండరు హెడ్డు అల్యూమినియముది, మెత్తనిది. ప్లగ్గును మొదట వ్రేళ్లతోనే చివరివఱకు త్రిప్పి, పిదప స్పానరుతో కొంచెము బిగింపవలెను. మొదటినుండియు స్పానరు పెట్టి బలము చూపినచో మరలు తెగిపోవును. నూఱు రూపాయలతో తీరు పని వేలలోనికి పోవును.

5. కేబులు నిర్దోషియేనా?

ఇంజనును నడుపుచు హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పిదప పూర్తిగా కుడికి త్రిప్పుడు. శబ్దము పెరిగినదా? కేబులు ఎక్కడనో లాగుచున్నది. యాక్సిలరేటరు పిడిని కదపినపుడు, కేబులు పట్టుకొనుటకు ముందు, పిడి అంచున 2 నుండి 6 మిల్లీమీటర్ల వదులు ఉండవలెను. అంతియే, దీనిపై ఇంకేమియు చెప్పనక్కఱలేదు.

6. దొంగగాలి.

ఇక మన విచారణలో గహనమైన భాగమునకు వచ్చితిమి. కార్బురేటరుకును ఇంజనుకును నడుమ ఒక గొట్టము కలదు. దాని రెండు చివరల రబ్బరో, గాస్కెట్టో, ఓ-రింగో యుండును. ఏండ్ల యెండకు, ఇంజను వేడికి ఆ రబ్బరు గట్టిపడి వెండ్రుకవాసి చీలినచో, కార్బురేటరు కొలచి పంపు గాలితోపాటు కొలతలేని గాలియు లోనికి పోవును. మెకానిక్కులు దీనినే “గాలి లాగుతోంది” అందురు. దీని లక్షణము విచిత్రముగా నుండును: యాక్సిలరేటరు వదలినను ఇంజను కొంతసేపు పైననే తిరిగి, నెమ్మదిగా దిగి, ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆగిపోవును. ఒకనాడు స్లో ఎక్కువ, మఱునాడు తక్కువ. స్క్రూను ఎన్నిమాఱులు సవరించినను ఆ సవరణ నిలువదు. పాపము, యజమాని కార్బురేటరును నిందించును, కార్బురేటరు మార్చును, బాధ మాత్రము చెక్కుచెదరదు.

దీనిని కనుగొను పద్ధతి చెప్పెదను. బట్టలు ఇస్త్రీచేయువారు వాడు నీళ్ల స్ప్రే సీసాలో సబ్బునీరు పోసి, ఇంజను స్లోలో నడుచుచుండగా, ఆ గొట్టపు అతుకులపై కొద్దికొద్దిగా చిమ్ముడు. ఒక చోట తగిలినపుడు ఇంజను శబ్దము మాఱినచో, చీలిక అక్కడనే యున్నది. నీరు క్షణకాలము దానిని మూయుటచే గాలి తగ్గి శబ్దము మాఱినది. ప్లగ్గు టోపీపై మాత్రము నీరు పడనీయకుడు. కొందఱీ పరీక్షను పెట్రోలు చిమ్మి చేయుదురు. వేడి సైలెన్సరు ప్రక్కన పెట్రోలు చిమ్ముట యెంతటి ప్రమాదమో వేఱుగా చెప్పవలయునా?

చీలిక దొరికినచో అంటింపకుడు. బంకపెట్టి అతికిన రబ్బరు పది దినములలో పెట్రోలుకు కరగి, ఆ ముక్క లోనికి పోవును. క్రొత్తది వేయించుడు.

7. స్లో జెట్టు: నా ఎనిమిది నెలల శత్రువు.

బండి పరుగెత్తునపుడు పెట్రోలు మెయిన్ జెట్టు ద్వారా పోవును. ఆగినపుడు మాత్రము స్లో జెట్టు అను సన్నని మార్గమే దిక్కు. దాని రంధ్రము అర మిల్లీమీటరుకన్న చిన్నది. ఇంత సూక్ష్మమైన రంధ్రములో ఎండిన పెట్రోలు జిగురు ఒక పొరగా పట్టినచో ఏమగునో ఊహింపుడు. అరువది కిలోమీటర్ల వేగమున బండికి ఏ లోపమును కనబడదు. సిగ్నలు వద్ద మాత్రము ప్రాణము పోవును. “పరుగులో బాగుంది కదా, కార్బురేటరులో ఏముంటుంది?” అని మిమ్మెవరైన వాదించినచో, రెండు మార్గములును వేఱని చెప్పుడు.

దీనిని మీరే విప్పదలచితిరా? సంతోషము; కాని తొందరవలదు. నేలపై తెల్లని పాతచీర పఱచుడు. జారిపడిన చిన్న స్క్రూ మట్టిలో దొరకదు, తెల్లగుడ్డపై దొరకును. పెట్రోలు కాకు మూయుడు. విప్పు ప్రతి భాగమునకు ముందు ఫోను కెమెరాతో ఒక ఛాయాచిత్రము తీసికొనుడు. మిశ్రమమును సవరించు స్క్రూను తీయుటకు ముందు, దానిని మెల్లగా లోనికి త్రిప్పి ఎన్ని చుట్లకు ఆగినదో లెక్కించి వ్రాసికొనుడు. ఆ సంఖ్యయే మీరు దారితప్పినచో వెనుకకు తెచ్చు గుర్తు. గిన్నె విప్పినపుడు అడుగున పసుపుపచ్చని బంకయో, తుప్పుపొడియో కనబడవచ్చును. తుప్పు కనబడినచో దాని జన్మస్థానము ట్యాంకు.

స్లో జెట్టు ఇత్తడిది. దాని తలపై గాడికి సరిగా కూర్చుండు స్క్రూడ్రైవరును వాడుడు. చిన్నది వాడినచో గాడి చిట్లి, ఆ జెట్టు మరల బయటికి రాదు. తీసిన పిదప ఆకాశమువైపు ఎత్తి చూడుడు. నడుమ గుండ్రని వెలుగుచుక్క కనబడవలెను. వెలుగు వంకరగా నున్నను, మసకగా నున్నను అది పూర్తిగా తెఱచుకొనలేదు.

ఇచ్చట దాదాపు అందఱును చేయు తప్పొకటి: చేతికందిన పిన్నీసు తీసి దూర్చుట. వలదు, ముమ్మాటికి వలదు. ఉక్కుసూది ఇత్తడిని గీసి రంధ్రమును పెద్దది చేయును. ఆపై ఆ బండి జీవితాంతము ఎక్కువ పెట్రోలు త్రాగును. కార్బురేటరు క్లీనరు స్ప్రేతో నానబెట్టి, టైర్లలో గాలిపట్టు దుకాణమున కంప్రెషరుతో ఊదించుడు. అప్పటికిని తెఱచుకొననిచో క్రొత్త జెట్టు కొనుడు. దాని తలపై గల సంఖ్యయు పాతదాని సంఖ్యయు ఒక్కటియై యుండవలెను. క్లీనరు పడుటకు ముందు రబ్బరు రింగులన్నిటిని తీసి వేఱుగా నుంచుడు, అవి ఉబ్బిపోవును. స్ప్రే కంటిలో పడకుండ కండ్లజోడు ధరింపుడు.

జెట్టును శుభ్రపఱచి, అది కూర్చుండు కార్బురేటరు లోపలి మార్గమును మఱచువారు కలరు. జెట్టుదాటి పెట్రోలు పోవు రంధ్రములనుండి కూడ స్ప్రే సన్నని ధారగా బయటకు రావలెను. అది చూచినగాని మూయకుడు.

8. ఇప్పుడు, స్క్రూ.

ఇంతవఱకు వేచినందుకు ఫలమిప్పుడు. బండిని పది నిమిషములు నడిపి ఇంజనును వేడెక్కనిండు, చోకు మూయుడు. స్లో స్క్రూను కొంచెము పెంచి ఇంజనును నిలుపుడు. పిమ్మట మిశ్రమపు స్క్రూను మీరు వ్రాసికొన్న సంఖ్యకు తెండు. ఆ కాగితము పోయినచో మెల్లగా ఆనువఱకు మూసి, ఒకటిన్నర చుట్లు వెనుకకు త్రిప్పి ప్రారంభింపుడు. మెల్లగా అని యేల నొక్కిచెప్పుచున్నాననగా, బలముగా మూసినచో దాని కొన కార్బురేటరులో శాశ్వతముగా గాడిపడును.

ఇక పావుచుట్టు బయటకు. ఐదు సెకన్లు వినుడు. మరల పావుచుట్టు, మరల వినుడు. ఒకచోట ఇంజను తనంత తానుగా వేగము పుంజుకొని, శబ్దము నున్నగా మాఱును. దానిని దాటినచో మరల తడబడును. ఆ నున్నని స్థానమునకు వెనుకకు వచ్చి ఆపుడు. అప్పుడు స్లో స్క్రూను తగ్గించి 1400 చుట్ల వద్దకు తెండు. చుట్లు చూపు మీటరు లేనివారు, ఇంజను ఆగక, ఊగిసలాడక, గేరు వేసినపుడు అదరక నడుచు కనీస వేగమును చెవితోనే పట్టుకొనవచ్చును. ఒకమాఱు యాక్సిలరేటరును చటుక్కున త్రిప్పి వదలుడు: ఇంజను వెంటనే దిగి, అదే వేగమున నిలువవలెను.

మిశ్రమపు స్క్రూ కార్బురేటరునకు ఎయిర్ ఫిల్టరు వైపున ఉన్నచో అది గాలి స్క్రూ. లోనికి త్రిప్పినకొలది మిశ్రమములో పెట్రోలు పాలెక్కువ. ఇంజను వైపున ఉన్నచో అది పెట్రోలు స్క్రూ. లోనికి త్రిప్పినకొలది పెట్రోలు తక్కువ. ఈ భేద మెఱుగక, ఒక బండిపై నేర్చినదానిని వేఱొక బండిపై తలక్రిందులుగా ప్రయోగించి విసిగినవారిని చూచితిని. మఱియొక రహస్యము: స్క్రూను ఒకటి రెండు చుట్లు త్రిప్పినను ఇంజను శబ్దములో ఏ మార్పును రాకున్నచో, మీ చేతిలో లోపము లేదు. స్లో మార్గమింకను మూసికొనియున్నది, లేక దొంగగాలి వచ్చుచున్నది. మరల ఆరు, ఏడు.

ఒకే సారి రెండు మార్పులు చేయకుడు. ప్లగ్గు మార్చి, ఫిల్టరు మార్చి, స్క్రూ త్రిప్పి, బండి బాగుపడినచో, ఏది బాగుచేసినదో మీకు తెలియదు. బాగుపడకున్నచో, ఏది చెఱచినదో అంతకన్న తెలియదు.

9. ఇంటిముంగిట తేలనివి.

చల్లగా నున్నపుడు చక్కగా నిలిచి, బాగుగా వేడెక్కిన పిదపనే ఆగిపోవు బండిలో, పై పరీక్షలన్నియు చేసినను ఏమియు దొరకనిచో, టాపెట్ల వదులు తగ్గియుండవచ్చును. వాల్వు వేడికి సాగి, పూర్తిగా మూసికొనక, కంప్రెషను జారిపోవుచుండును. ఈ వదులు మిల్లీమీటరులో నూఱవవంతుల లెక్క. ఇంజను పూర్తిగా చల్లారినపుడు ఫీలరు గేజితో కొలవవలెను. టాపెట్లు టకటకలాడుట లేదు కనుక బాగున్నవని తలపకుడు. మితిమీరి బిగిసిన టాపెట్లే నిశ్శబ్దముగా నుండును.

మెకానిక్కు వద్దకు పోవునపుడు తీర్పు తీసికొనిపోకుడు, సాక్ష్యము తీసికొనిపొండు. “కార్బురేటరు పోయింది, మార్చు” అన్నచో అతడు మార్చును. మార్చుమన్నది మీరే కదా! దానికి బదులుగా, “అన్నా, వేడెక్కాకే ఆగుతోంది, చోకు లాగినా నిలవడం లేదు, ప్లగ్గు రంగు బాగానే ఉంది, సబ్బునీళ్లు కొట్టి చూశాను, గాలి లాగడం లేదు” అని చెప్పి చూడుడు. అతడు పనిముట్టు క్రిందపెట్టి మీవైపు తిరుగును. పనితనముగల వాడెవడును ఇట్టి యజమానిని ఉపేక్షింపడు.

విశాఖపట్నమునుండి అరకు ఘాటురోడ్డు ఎక్కిన బండి పైన కొంచెము తడబడినచో కలవరపడనక్కఱలేదు. అరకులోయ సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి గాలి పలుచన. కార్బురేటరునకు ఆ సంగతి తెలియదు కనుక, పెట్రోలు పాలు కొంచెమెక్కువగును. అచ్చట స్క్రూ త్రిప్పి, దిగివచ్చిన పిదప మఱచి, మరల బాధపడుట కంటె, ఆ రెండుదినములు ఓర్చుకొనుట మేలు.

ఇంధనమును కంప్యూటరు కొలచి చిమ్మెడు క్రొత్త బండ్ల విషయములో నా సలహా స్వల్పము. పెట్రోలు, ఫిల్టరు, ప్లగ్గు, కేబులు, దొంగగాలి: ఈ పరీక్షలు వానికిని వర్తించును. బ్యాటరీ బలహీనమైనను వానికి స్లో తప్పును. థ్రాటిలు బాడీలో మసి పట్టుట మిక్కిలి సాధారణమైన కారణము. శుభ్రపఱచు పనిని మాత్రము తెలిసినవారికి వదలుడు. మీటరుపై ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము వెలుగుచున్నదా, మినుకుమినుకుమనుచున్నదా చూచి, ఆ మినుకుల లెక్కను వ్రాసికొని స్కానరు గల సర్వీసు కేంద్రమునకు పొండు. అచ్చట కనబడు ఏ స్క్రూనైనను త్రిప్పి చూచెదమన్న కోరికను అణచుకొనుడు.

ఇంత శ్రమపడి బాగుచేసికొన్న కార్బురేటరు బండిని నెలలతరబడి మూలపెట్టి ఊరు విడువవలసివచ్చినచో, బయలుదేరుటకు ముందునాటి సాయంకాలము పెట్రోలు కాకు మూసి, ఇంజను తనంత తానాగువఱకు నడువనిండు. పిదప గిన్నె క్రింది డ్రెయిను స్క్రూ వదులుచేసి మిగిలిన చుక్కలను సీసాలోనికి కార్చి, స్క్రూను మరల బిగింపుడు. పది నిమిషముల పని. ఆ సీసాను పిల్లలకందని చోట పెట్టి, తాళముచెవికి “కాకు తెరవాలి” అని వ్రాసిన చీటీ నొకటి కట్టుడు. మీరు వచ్చులోపల బండి అవసరపడి తమ్ముడో బావమఱదియో తీసినచో, వారు కిక్కు కొట్టి కొట్టి అలసి, మరల వీథి చివరి మెకానిక్కు వద్దకు త్రోసికొనిపోకుండ ఆ చీటీ కాపాడును.